రెండు చూపించాల్సిన చోట సున్నా

2008 ఎండాకాలం. అనంతపురం బస్టాండు వెనక మేడ మీద రెండు గదుల ఆఫీసు మాది. ఊళ్లకు తాగునీటి ట్యాంకర్లు పంపే ఒక ట్రస్టుకు వెబ్ పేజీ తయారుచేసి ఇచ్చాం. దాని బాగోగులు నా పని. మధ్యాహ్నమైతే కరెంటు పోయేది, ఫ్యాను ఆగేది. ఫోన్ మాత్రం ఆగేది కాదు.

ఆ రోజు ఫోన్ చేసింది ట్రస్టులో ట్యాంకర్లను పురమాయించే ఓబులేసన్న.

"సుజాతమ్మా, యాడికి ఊరి పక్కన గుడిసెల కొట్టాల నుంచి ఒకామె ఒకటే ఫోన్లు చేస్తాంది. కంప్యూటర్లో ట్యాంకర్ పోయినట్టే ఉండాది. ఆమేమో రాలేదంటాంది. నువ్వే మాట్లాడు తల్లీ, నాతో కాదు."

కొట్టాలకు నేనే ఫోన్ చేశాను. ఆమె పేరు నాగమ్మ. గొంతులో కోపం కూడా మిగల్లేదు.

"పంపినాం పంపినాం అంటారు. యాడ పోసినారమ్మా? చేలో బావి అడుగు నీళ్లు తోడుకుని తాగుతాండాము. పిల్లోళ్లకు వాంతులు పట్టుకున్యాయి."

ఎక్కడ పోయాలో మా పేజీ రాసిచ్చే చీటీ పట్టుకెళ్లిన ట్యాంకర్ డ్రైవర్ని అడిగాను. "చీటీలో ఊరి పేరే ఉండాది మేడమ్, కొట్టాల పేరు లేదు. ఊర్లో తొట్టిలో పోసేసి వచ్చినా," అన్నాడు.

ఓబులేసన్న పేజీలో ఊరూ, కొట్టాలూ రెండూ నింపాడు. చీటీ తయారుచేసే ఫంక్షన్ అనే కోడు ముక్కకు రెండు పారామీటర్లు, అంటే రెండు వివరాలు అందుకునే చోట్లు ఉన్నాయి. వెబ్ పేజీలు రాసే జావాస్క్రిప్ట్ భాషలో ప్రతి ఫంక్షన్ తనకెన్ని పారామీటర్లు రాశారో 'లెంగ్త్' అనే అంకెతో చెబుతుంది. మేం వాడే లైబ్రరీ, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన కోడు, ఆ అంకె చూసేది. రెండు ఉంటే ఊరు, కొట్టాలు రెండూ ఇచ్చేది, లేకపోతే ఊరొక్కటే.

ఆ వారమే ట్రస్టు పెట్టుకున్న కన్సల్టెంటు, ఎవరు ఏ బటన్ నొక్కారో నమోదు కావాలని ప్రతి ఫంక్షన్ మీదా ఇంకో ఫంక్షన్ తొడిగాడు. దాన్ని రాపర్ అంటారు. ఏమిచ్చినా లోపలికి అందిస్తుంది కాబట్టి అందులో పారామీటర్లేవీ రాయలేదు. దాని లెంగ్త్ సున్నా. లైబ్రరీ సున్నా చూసి, ఊరి పేరొక్కటే ఇచ్చి ఊరుకుంది.

లెంగ్త్‌ను రెండుగా మార్చబోయాను. కంప్యూటర్ తప్పని చెప్పలేదు, అంకె మారనూ లేదు. మళ్లీ చూస్తే సున్నానే. అది చదవడానికే తప్ప రాయడానికి కాదని పుస్తకం తిరగేస్తే తెలిసింది. అప్పటికి నా జాకెట్టు చెమటకు తడిసిపోయింది. చివరికి ఆ ఫంక్షన్‌కు విడిగా, ఊరు, కొట్టాలు అని రెండు పేర్లు పెట్టి కొత్త రాపర్ రాశాను. లోపల పని అదే. లెంగ్త్ ఇప్పుడు రెండు చూపించింది. చీటీలో రెండు పేర్లూ పడ్డాయి.

కొత్త చీటీతో ట్యాంకర్ మళ్లీ బయల్దేరాక చాలాసేపటికి నాగమ్మకు ఫోన్ చేశాను. వెనక బిందెల చప్పుడు, ఆడవాళ్ల అరుపులు.

"వచ్చినాయమ్మా. రేపూ వస్తాయా?"

"చీటీలో మీ కొట్టాల పేరు ఉంటుందమ్మా," అన్నాను. బోర్లు ఎండిపోతున్న ఆ ఏడాది అంతకు మించి మాటివ్వడానికి నోరు రాలేదు.

రాపర్ రాసేటప్పుడు పారామీటర్ల లెక్క చూసుకోవాలని అప్పుడే నేర్చుకున్నాను. అయితే ఎక్కువగా నేర్పింది నాగమ్మతో మాట్లాడిన ఆ ఫోనే. తెర మీద 'పంపడమైనది' అని ఉన్నంత మాత్రాన నీళ్లు చేరినట్టు కాదు. అందుకే ఏ చిన్న మార్పు చేసినా, దారి చివర ఉన్న మనిషిని అడిగి విన్నాకే కుర్చీలోంచి లేస్తాను.