ఎద్దుల సంత పద్ధతిలో సాఫ్ట్‌వేర్

నా భార్య మా మేనమామ కూతురే. అందుకే పెళ్ళై ఇన్నేళ్ళయినా నన్ను "బావ" అనే పిలుస్తుంది. మావ పాతపట్నంలో ఉండేవాడు. ఫోన్లో టైపు చేయడం రాదు గనక రోజూ కూతురికి వాయిస్ మెసేజ్ పెట్టేవాడు. పోయిన ఏడాది ఆయన పోయాడు. ఆ మెసేజ్‌లన్నీ ఆమె పాత ఫోన్లో మిగిలాయి. ఆ ఫోనేమో బ్యాటరీ ఉబ్బి, వెనక మూత ఊడి, రేపో మాపో అన్నట్టుంది.

"ఆటిని ఇంకెక్కడైనా దాసెయ్ బావ," అంది.

దాచడం ఎంతసేపు? గజపతినగరంలో మా ఇంట్లో ఒక పాత కంప్యూటర్‌ను రాత్రీ పగలూ ఆపకుండా నడుపుతూ, దాన్ని గౌరవంగా సర్వర్ అని పిలుచుకుంటున్నాను. మన ఫైళ్ళు ఏ కంపెనీ చేతిలోనూ పెట్టకుండా మనింట్లోనే దాచుకోవడానికి ఉచిత సాఫ్ట్‌వేర్లు బోలెడున్నాయి. ఆ బోలెడు దగ్గరే వచ్చింది చిక్కు.

ఎంచుకోవడం నాకు మావే నేర్పాడు. చిన్నప్పుడు ఆయన వెంట ఎద్దుల సంతకు వెళ్ళేవాణ్ణి. ముందు ఎద్దు ఒంటి మీది సుళ్ళు చూసేవాడు. తర్వాత నాలుగడుగులు నడిపించేవాడు. ఆఖర్న అమ్మేవాడి మొహంలోకి చూసి, "ఇంత మంచి గిత్తని ఎందుకమ్మేస్తన్నావు?" అనేవాడు. నేనూ అదే పద్ధతిలో దిగాను. ఒక్కోదాన్నీ ఆఖరిసారి ఎప్పుడు బాగుచేశారో చూశాను. రాసినవాళ్ళు జనానికి జవాబిస్తున్నారా, పత్తా లేకుండా పోయారా అని వాకబు చేశాను. రేపు నచ్చకపోతే నా ఫైళ్ళు నాకు తిరిగిస్తుందా అని పట్టి పట్టి చదివాను. ఒకటి అందంగా ఉంది గాని నా ముసలి కంప్యూటర్ దాన్ని మోయలేకపోయింది. ఒకటి అన్ని విధాలా బాగుంది. అంత బాగుండడమేమిటని అనుమానమొచ్చి వదిలేశాను. మొట్టమొదట చూసినదాని రంగు నాకు నచ్చలేదు.

రెండు నెలలు గడిచాయి.

"ఏటి బావ, ఇంకా సంతలోనే ఉన్నావేటి?"

"తొందరపడితే ఎలాగే? రేపది మొరాయిస్తే?"

"అది మొరాయించేలోగా ఇది సచ్చిపోతాది," అని ఫోన్ చూపించింది.

మీనమేషాలు లెక్కపెట్టడంలో నన్ను మించినవాడు మా చుట్టాల్లో లేడు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ ఫోన్ తెర మీద పచ్చ గీతలు మొదలయ్యాయి. అప్పుడు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ రంగు నచ్చనిదాన్నే గబగబా వేశాను. తీరా చూస్తే పావుగంట పని. మెసేజ్‌లు ఒక్కొక్కటే సర్వర్లోకి వస్తుండగా ఫోన్ ఆరిపోయింది. మళ్ళీ వెలగలేదు. విజయనగరంలో ఫోన్లు బాగుచేసేవాడు కూడా తల అడ్డంగా ఊపాడు. అన్ని వందల్లో పదకొండే మిగిలాయి.

సిగ్గుతో ఆమె మొహం చూడలేకపోయాను. నాలుగు తిట్టినా బాగుండేది. ఆమె వచ్చి నా పక్కన కూర్చుని మొదటి మెసేజ్ నొక్కింది. గదంతా మావ గొంతు.

"అమ్మా, తిన్నావేటి? అల్లుడేడీ? ఇంకా ఆ డబ్బా ముందలే కూకున్నాడేటి?"

ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"ఇక్కడే ఉన్నాడు నాన్నా," అంది తెరతో. "పదకొండు దాసినాడు."