నీలం స్క్రీన్ ముందు మూర్తి అంకుల్

నిన్న ఆఫీసులో లంచ్ డబ్బా తెరుస్తుంటే విన్నిపెగ్ నుంచి మూర్తి అంకుల్ వాళ్ల సుజాత ఆంటీ ఫోన్.

"మీ అంకుల్ పొద్దున్నే పోయారమ్మా" అన్నారు. గుండెపోటు.

నేను "సరే ఆంటీ" అన్నాను.

అలా ఎందుకన్నానో ఇప్పటికీ అర్థం కావట్లేదు. డబ్బా మూత పెట్టి నార్త్ యార్క్‌లో సబ్‌వే రైలు ఎక్కాను. దిగాల్సిన స్టేషన్ దాటి చివరిదాకా వెళ్లిపోయాను.

మూర్తి అంకుల్ తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను.

కాకినాడ మనిషి. అమెరికాలో కొన్నేళ్లు ఐటీ ఉద్యోగం చేసి, కెనడాలో విన్నిపెగ్ వచ్చి స్థిరపడ్డారు. మేమంతా స్టడీ పర్మిట్ల మీద గుంపులు గుంపులుగా దిగిన రోజుల్లో, ఎవరి ల్యాప్‌టాప్‌లో లైనక్స్ మొరాయించినా ఫోన్ వెళ్లేది ఆయనకే.

కీబోర్డు మాత్రం ముట్టుకునేవారు కాదు. పక్కన కూర్చుని మన చేతే టైప్ చేయించేవారు. ఎర్రర్ వస్తే పైకి చదవమనేవారు. ఎక్కాలు అప్పజెప్పినట్టు చదివేవాళ్లం.

నా చివరి సెమిస్టర్ అది. మర్నాడే ప్రాజెక్ట్ డెమో. వరద నీళ్లు ఊళ్లోకి ఎలా వస్తాయో చూపించే త్రీడీ ప్రోగ్రామ్ నాది. స్క్రీన్ మీద బొమ్మల్ని నడిపించే సాఫ్ట్‌వేర్, గ్రాఫిక్స్ డ్రైవర్, లేకపోతే ఒక్క చుక్క కదలదు.

నేనేమో బుద్ధిగా ల్యాప్‌టాప్‌కి అప్‌డేట్ కొట్టాను.

డ్రైవర్ పోయింది. స్క్రీన్ మీద అక్షరాలు ఇంతింత లావు. రెండో మానిటర్ మొత్తం నలుపు. డ్రైవర్ నాలుగుసార్లు ఇన్‌స్టాల్ చేశాను, నాలుగుసార్లూ అదే కథ. డెమో పోతే కోర్సు ఫెయిల్. ఇక వర్క్ పర్మిట్ సంగతి దేవుడెరుగు. ఏడుస్తూ అంకుల్‌కి ఫోన్ చేశాను.

మంచులో రెండు బస్సులు మారి మా బేస్‌మెంట్‌కి వచ్చారు. కిటికీకి సగం దాకా మంచు పేరుకుని, మధ్యాహ్నం పూట గదంతా తెల్లటి వెలుగు. ఎక్కడున్నామో కూడా మర్చిపోయేంత నిశ్శబ్దం.

"రీస్టార్ట్ కొట్టాక ఏం చేస్తున్నావమ్మా?"

"చాయ్ పెట్టుకుంటున్న అంకుల్."

"నాలుగుసార్లూనా?"

"నాలుగుసార్లూ."

పడీపడీ నవ్వారు. రీస్టార్ట్ అయ్యేటప్పుడు ఒక నీలం స్క్రీన్ వస్తుందట. ఈ కొత్త డ్రైవర్‌ని నమ్మమంటావా అని అడిగి, పది సెకన్లు చూసి, ఎవరూ పలక్కపోతే వెళ్లిపోతుందట. నేను అల్లం దంచుకుంటున్నప్పుడల్లా అది పాపం వచ్చి వెళ్లింది.

"మన పిల్లలందరికీ ఇదే జబ్బు. రీస్టార్ట్ అంటే టీ టైమ్ అనుకుంటారు" అన్నారు.

ఐదోసారి ఇద్దరం కుర్చీల్లోంచి కదల్లేదు. బయట చప్పుడు లేకుండా మంచు పడుతూనే ఉంది. నీలం స్క్రీన్ వచ్చింది. కీ నొక్కి, పాస్‌వర్డ్ ఇచ్చాను.

రెండో మానిటర్ వెలిగింది. ప్రోగ్రామ్ తెరిచాను. నా నది మెల్లగా పొంగి వీధుల్లోకి, ఇళ్ల మధ్యలోకి పారింది. అంకుల్ డ్రైవర్ సంగతే మర్చిపోయి దాన్నే చూస్తూ ఉండిపోయారు.

"ఎంత బాగున్నాయమ్మా నీ నీళ్లు" అన్నారు.

ఇద్దరం ఎంతసేపు అలా చూశామో తెలియదు. నాకు ఈ దేశంలో భయం లేకుండా గడిచిన మొదటి మధ్యాహ్నం అదే.

డెమో పాసయ్యాను. వర్క్ పర్మిట్ వచ్చింది, టొరంటోలో ఉద్యోగం వచ్చింది. ఫోన్లు తగ్గాయి. తప్పు నాదే.

పీఆర్, అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండిపోయే హక్కు, వచ్చి పదకొండు రోజులైంది. అమ్మావాళ్లకి ఆ నిమిషమే చెప్పాను. అంకుల్‌కి మాత్రం ఫోన్‌లో చెప్పబుద్ధి కాలేదు. ఎదురుగా కూర్చుని చెప్పాలని వచ్చే శనివారానికి విన్నిపెగ్ టికెట్ తీసుకున్నాను.

ఆ టికెట్‌నే ఇవాళ్టికి మార్చుకున్నాను. ఎయిర్‌పోర్టులో కూర్చుని ఇది రాస్తున్నాను.

అంకుల్, నాకు పీఆర్ వచ్చింది.

ఇక మా గురించి దిగులు లేకుండా, హాయిగా నిద్రపోండి.