రాహుకాలంల పాటలు పెడితే

మనిషికి బుద్ధి రకరకాలుగ వస్తదంటరు. సారు కొడితే వస్తది, పెద్దోళ్లు తిడితే వస్తది, ఎదురుదెబ్బ తగిలితే వస్తది. నాకు మాత్రం కారు బ్యాటరీ ఖతమైతే వచ్చింది. అది గూడ యాడ? పెండ్లిచూపులకు పోయే తొవ్వల! ఇగ నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్త, వినుండ్రి. నవ్వొస్తే ఆపుకోకుండ్రి, నేనేం అనుకోను. మా ఇంట్ల ఇప్పటికీ నవ్వుతనే ఉన్నరు.

అప్పట్ల నాకు సూర్యాపేటల ఓ చిన్న జిరాక్స్ దుకాణం. మిర్యాలగూడ సంబంధమని ఒక ఫొటో వచ్చింది. పిల్ల పేరు స్వరూప, బళ్లె టీచర్. ఆ ఫొటో సూసిన కాన్నుంచి నా మనసు దుకాణంల నిలువలే. ఒక పెద్దాయన ఆధార్ కార్డు ప్రింటు అడిగితే ఆ పిల్ల ఫొటో తీసి ఇచ్చిన. ఆయన కండ్లద్దాలు సవరించుకోని అటు తిప్పి ఇటు తిప్పి సూసి, "గిది నేను కాదు బిడ్డా" అన్నడు.

అయితే పరేషాన్ ఒక్కటే. అదే పిల్లను సూడనీకి ఆదివారం కోదాడ నుంచి ఒక ఇంజనీరు వస్తున్నడట. ఇంజనీరు ముంగట జిరాక్సోడు ఏం ఆనుతడు? అందుకే ఆయనకంటే ముందే, శుక్రవారం పోదామని ఇంట్ల పట్టువట్టిన.

"బస్సు దిగి చెమటలు కారుకుంట పోతే పిల్లనెవరిస్తరురా? కారు అడుగు" అన్నది మా మేనత్త. మా నాయినకు అక్క, మా ఇంట్ల ఆమె మాటే చెల్లుబాటు. కారు మా అక్క మొగడు, మా బావది. ఆయనకు ఇంజను మీదకంటే పాటల డబ్బా మీద పాణం ఎక్కువ. డిక్కీల గంత పెద్ద బూఫర్ పెట్టిచ్చిండు. గట్టిగ పెడితే వెనుక సీట్ల కూసున్నోళ్ల పండ్లు గలగలమంటయ్. తాళం ఇచ్చుకుంట, "డీజిల్ జర సూసుకో రమేశ్" అన్నడు. బ్యాటరీ సూసుకో అనుంటే నేనీ కథ చెప్పే పనే లేదు.

మిర్యాలగూడ ఇంక జరంత దూరం ఉందనంగ అత్త కెవ్వుమన్నది.

"ఆపురా! రాహుకాలం మొదలైంది. పన్నెండు దాటేదాకా వాళ్ల గడప తొక్కేది లేదు."

"గంటన్నర ఈ ఎండల ఏం జేస్తం అత్తా?"

"నీకు ఇన్ని సంబంధాలు ఎందుకు తప్పినయ్? పంచాంగం సూడక తప్పినయ్. నోర్మూసుకోని కూసో."

కాలువ పక్కన వేపచెట్టు నీడకు కారు ఆపిన. నాయిన చెట్టు కింద తువ్వాల పరుచుకోని ఒరిగిండు. అత్త వెనుక సీట్ల ఆకు వక్క నములుకుంట నములుకుంటనే కునుకు తీసింది. నేను బావ మాట యాది చేసుకోని, డీజిల్ మిగిలిచ్చే బుద్ధిమంతుని లెక్క ఇంజను బంద్ చేసిన. తాళం సగం తిప్పి పాటలు పెట్టిన.

ఏం చెప్పాలె ఆ సుఖం! కాలువల నీళ్లు నిండుగ, సప్పుడు లేకుండ పోతున్నయ్. అవతల ఎనుక నాటేసిన వరి పొలాలు ఇంక పొట్ట మీదనే ఉన్నయ్. గాలి వచ్చినప్పుడల్ల మడి మొత్తం ఒక్క దిక్కు ఒరిగి, మళ్ల మెల్లగ లేస్తంది. పాట గూడ అట్లనే ఒరుగుతంది, లేస్తంది. కండ్లు మూసిన్నో లేదో, పక్క సీట్ల స్వరూప కూసున్నది. ఆమె చున్నీ కిటికీలకెల్లి ఎగురుతంది. కాలువ కట్ట మీద కారు పోతంది, పోతంది, ఆ కట్ట యాడా ఒడుస్తలేదు. "ఇంకో పాట పెట్టుండ్రి" అన్నది. పెట్టిన. ఇంకోటన్నది. అదీ పెట్టిన. ఆలు లేదు సూలు లేదు కొడుకు పేరు సోమలింగమని ఎవలికో పేరు పెట్టిండ్రు గని, నేను పేరు కాడ ఆగలే. సోమలింగాన్ని బడికి తోలిన, పది పాస్ చేయించిన, ఇగ ఏ కాలేజీల చేర్పిద్దామని స్వరూపతోని కొట్లాడుతున్న. "కోదాడ మాత్రం వద్దు, నాకు ఇంజనీర్లు పడరు" అంటున్న. బయట పాట ఎప్పుడు ఆగిందో నాకు తెల్వదు. నా లోపట అది నడుస్తనే ఉన్నది.

"లే రా! పన్నెండు దాటింది" అని అత్త భుజం చరిచింది.

తాళం తిప్పిన. టిక్కుమన్నది. మళ్ల తిప్పిన. ఈసారి టిక్కు గూడ లేదు.

"ఏమైందిరా?"

"ఏం లేదత్తా. ఇంజను జర సల్లవడ్డది."

"నెత్తి మాడే ఎండల సల్లవడుడేందిరా?"

నాయిన తువ్వాల దులుపుకుంట వచ్చి కిటికీల తల పెట్టిండు. "పాటలు పెట్టినవా?"

"జరంత."

"ఎంత జరంత?"

"రాహుకాలం ఎంతనో అంత."

నాయిన ఆకాశం దిక్కు సూసిండు. ఆయనకు డ్రైవింగ్ రాదు. ఇగ చేసేదేముంది? పెండ్లికొడుకు స్టీరింగ్ కాడ, పెద్దోళ్లు కారు ఎనుక. అత్త పట్టుచీర కుచ్చిళ్లు బొడ్ల దోపి నూకుకుంట, "నీ పాటలు పాడుగాను, నీ బావ బూఫర్ బుగ్గిగాను" అని శాపనార్థాలు పెట్టింది. కారు మాత్రం ఉలకలే, పలకలే. అప్పుడే పిల్ల నాయిన ఫోన్. "అన్నా, యాడిదాక వచ్చిండ్రు?" మా నాయిన ఎగపోసుకుంట, "గీడనే, మీ ఊరి మొగదలనే ఉన్నం. నడుచుకుంట... కాదు, కార్లనే వస్తున్నం" అన్నడు.

మిల్లుకు వడ్లు దించి ఖాళీగ వచ్చే ట్రాక్టరు ఒకటి ఆగింది. డ్రైవరు ముందుగాల వీడియో తీసిండు, ఆ తర్వాత తాడు తీసిండు. తెచ్చి కట్టి, ట్రాక్టరు మళ్ల మిర్యాలగూడ దిక్కే తిప్పిండు, పుణ్యాత్ముడు. ఆవు ఎనుక లేగదూడ లెక్క ఎనుకనే పోయినం. సిగ్గుతోని సావాలె నేను. గని ఏం చెయ్యాలె, ఇంజను సప్పుడు లేకుండ కారు దానంతట అదే పోతుంటే పడవల పోయినట్టే ఉన్నది. రోడ్డు పొంటి పొలాలు, మిల్లుల పొగ, ఆరబోసిన వడ్లు, అన్నీ తేలుకుంట పోతున్నయ్. నాకు మళ్ల కండ్లు మూతలు వడ్డయ్. అత్త నెత్తి మీద ఒక్కటిచ్చింది.

వాకిట్ల అందరు నిలబడి ఉన్నరు. పిల్ల నాయిన తాడు దిక్కు సూసి, "కారుకేమైంది?" అన్నడు.

"పిల్లగాడు పాటలు విన్నడు" అన్నడు మా నాయిన. మనిషికి ఎదురుంగ అబద్ధం చెప్పుడు రాదు, చెప్పినా బాగుండు.

చాయ్ అయినంక మా ఇద్దరిని డాబా మీదికి పంపిండ్రు. దూరంగ పచ్చటి పొలాలు, మంచి గాలి. స్వరూప ఫొటోలకంటే బాగున్నది.

"పాటలంటే గంత ఇష్టమా?" అన్నది.

"మీరే గద ఇంకోటి పెట్టుమన్నరు."

నాలిక కరుచుకున్న గని లాభమేంది? మాట పోయింది.

"నేనా? ఎప్పుడు?"

"కలల" అన్న. దాచేదేముంది ఇగ.

ఆమె చున్నీ సర్దుకున్నది. కిందికి దిగి పోయింది. నా పని ఖతమనుకున్న.

కింద మెకానిక్ వచ్చి బ్యాటరీ ఊడదీసిండు. చార్జింగుకు పొద్దుగూకుతదట. ఆటోల పోదామంటే అత్త ఒప్పలే, "అల్లుని కారు ఇడిసిపెట్టి పోతే నలుగురు నవ్వరా?" అన్నది, అప్పటికే నలుగురు నవ్వుతున్న సంగతి మరిచిపోయి. ఇంతల వంటింట్లకెల్లి నాటుకోడి కూర వాసన.

ఇగ చూడుండ్రి, అసలు చిక్కు గిక్కడనే ఉన్నది. మా దిక్కు సంబంధం ఖాయం గాకముందు పిల్లోళ్ల ఇంట్ల అన్నం ముట్టరు. చాయ్, మిక్చరు వరకే. తింటే మేం ఒప్పుకున్నట్టు, పెడితే వాళ్లు ఇచ్చినట్టు. అత్తకేమో షుగరు. మిక్చరు పళ్లెం ఖాళీ చేసినా ఆకలి ఆగక వంటింటి దిక్కే సూస్తంది.

"మాకైతే పిల్ల నచ్చింది" అన్నది చివరికి. "తిననీకి మా దిక్కు నుంచి అడ్డం లేదు."

పిల్ల నాయిన ఇరకాటంల పడ్డడు. ఇంటికొచ్చిన ముసలామెను పస్తుంచలేడు, ఆదివారం ఇంజనీరును వదులుకోలేడు. తలకాయ గోక్కోని లోపలి దర్వాజ దిక్కు తిరిగిండు.

"బిడ్డా స్వరూపా, పళ్లాలు పెట్టమంటవా?"

పైన ఫ్యాన్ తిరుగుతంది. నా గుండె ఆ ఫ్యానుకంటే జోరుగ తిరుగుతంది. ఇంత బతుకు బతికి ఒక అన్నం పళ్లెం కోసం గట్ల ఎదురుచూడలే ఎన్నడు.

స్వరూపనే పళ్లాలు పట్టుకోని వచ్చింది. అత్త ముంగట ఒకటి, నాయిన ముంగట ఒకటి, నా ముంగట ఒకటి పెట్టింది.

"ఆదివారం వచ్చేటాయనకు రావద్దని ఫోన్ చెయ్యి నాయినా" అన్నది. "ఆయన వచ్చినా కారు పెట్టుకునే జాగ లేదు. ఈయన కారు ఆదివారం దాకా కదిలేటట్టు లేదు."

అందుకే చదివేటోళ్లందరి సాక్షిగ ఒట్టు పెడుతున్న: ఇంకోసారి పెండ్లిచూపులకు పోతే, ఇంజను బంద్ చేసి పాటలు పెట్టను గాక పెట్టను!

ఇది రాస్తుంటే స్వరూప ఎనుక నిలబడి చదివింది. "పాటలు పెట్టుకుంటే పెట్టుకో" అన్నది. "ముందుగాల పెండ్లిచూపులకు పోనని ఒట్టెయ్యి."

ఏసిన.