వైరు కదపకుండా చూడు

అమ్మానాన్నలు పెట్టిన పేరు అతనికీ ఒకటుంది. జీతం ఇచ్చే రోజున తప్ప దాన్ని ఎవరూ వాడరు. అందరికీ అతను ఎర్రచీటీ. ఆఫీసులు, కార్ఖానాలు, ఆసుపత్రులు తిరిగి, అక్కడ కరెంటుతో నడిచే ప్రతి వస్తువునీ మీటరు తగిలించి పరీక్షించడం అతని ఉద్యోగం. బాగుంటే వైరుకి ఆకుపచ్చ చీటీ కడతాడు. బాగులేకపోతే 'ప్రమాదం, వాడరాదు' అని అచ్చేసిన ఎర్రచీటీ కడతాడు. రోజంతా కట్టేవాటిలో నూటికి తొంభై పచ్చవే. అయినా జనానికి ఎరుపే గుర్తుండిపోయింది. జనం సంగతి తెలిసిందేగా!

అతను గుమ్మంలో అడుగు పెట్టాడంటే చాలు, ఆఫీసుల్లో టీ కెటిళ్ళు సొరుగుల్లోకీ, బల్లల కింది హీటర్లు అట్టపెట్టెల్లోకీ మాయమైపోయేవి. "మా దగ్గర ఏమీ లేవండీ" అనేవాళ్ళు, వెనక సొరుగులోంచి ఆవిరి కమ్ముకొస్తుంటే. అతను నవ్వేవాడు కాదు, కోప్పడేవాడూ కాదు. చూపించని వస్తువుని పరీక్షించే హక్కు అతనికి లేదు. చుట్టాలిళ్ళలో మాత్రం ఆ హద్దు ఉండేది కాదు. భోజనానికి పిలిస్తే కంచం ముందు కూర్చోకుండా ముందు మిక్సీ వైరు పట్టుకునేవాడు. "వీణ్ణి పిలిస్తే పచ్చడి సగం నలిగాక ఆగిపోతుంది" అని ఒక పిన్ని పిలవడమే మానేసింది.

ఈ చాదస్తం అతనికి అక్క దగ్గర అంటుకుంది. అమ్మ పోయాక అతణ్ణి పెంచింది అక్కే. చిన్నప్పుడు ఓసారి తడిచేత్తో స్విచ్చి ముట్టుకున్నాడని వీపు విమానం మోత మోగించింది. "చస్తావురా వెధవా!" అని కొట్టి, ఆపైన తనే అతణ్ణి పట్టుకుని ఏడ్చింది. ఆ దెబ్బలే తనకీ ఉద్యోగం వేయించాయని అతను పదిమందిలో చెప్పుకుని మురిసిపోయేవాడు. అక్క రోజూ దేన్ని పట్టుకుని బతుకుతోందో అతను అప్పటికింకా చూడలేదు.

అక్క ఒక పెద్ద లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు అన్నీ అక్కడికే వస్తాయి. నేల ఎప్పుడూ తడే. గోడల మీద ఆవిరి చెమటలా కారుతుంటుంది. వరసగా ఇనప బల్లలు, ఒక్కో బల్లకి ఒక ఇస్త్రీ పెట్టె. ఇంట్లో వాడే చిన్న పెట్టె కాదది. ఆవిరి గొట్టం, కరెంటు వైరు రెండూ కలిసి వేలాడే బరువైన యంత్రం. ఎన్ని దుప్పట్లు చేస్తే అంత కూలి. నడుం పడిపోయి బావ మంచానికి అంటుకుపోయాక ఇల్లు గడిచేది ఆ పెట్టె మీదే.

కంపెనీ ఆ లాండ్రీని తనకి అప్పగించిన రోజు ఎర్రచీటీ కాలు నేల మీద ఆనలేదు. అక్క నిలబడే చోటుని తన చేత్తో భద్రం చేసి రావచ్చనుకున్నాడు. అక్క కూడా కొంగుతో ముఖం తుడుచుకుని, "మా తమ్ముడు" అని పక్క బల్లలవాళ్ళకి గొప్పగా చూపించింది.

ఆమె బల్ల దగ్గరికి వచ్చేసరికి వైరు చూడగానే అతనికి అనుమానం తగిలింది. పిడిలోకి దూరే చోట అది మెత్తబడి ఉంది. మీటరు తగిలించాడు. బాగుందనే చూపించింది. ఇక్కడే ఉంది కిటుకంతా. లోపల, లీకైన కరెంటుని నేలలోకి పంపేసే ఎర్త్ తీగ తెగిపోయినా, వైరు కదలనంతసేపూ తెగిన కొసలు రెండూ ఆనుకునే ఉంటాయి. మీటరు సరేనంటుంది. పని చేసే చెయ్యి పెట్టెని అటూ ఇటూ లాగితే కొసలు విడిపోతాయి. ఆ సమయంలో కరెంటు లీకైందంటే దానికి ఇంకో దారి లేదు, పట్టుకున్న మనిషిలోంచే పోతుంది. అందుకని వైరుని వంచి, తిప్పి మరీ చూడాలి.

అతను వైరు మీద చెయ్యి వేశాడు.

"కదపకుండా చూడరా," అంది అక్క, పెదాలు కదిలీ కదలకుండా.

అతను తలెత్తి చూశాడు. "నీకు ముందే తెలుసా?"

"తెలీకపోవడమేంటి? అప్పుడప్పుడూ చురుక్కుమంటుంది. మరీ లాగకపోతే ఏం కాదులే. మీటరు బాగుందనే అంటోందిగా? పచ్చది కట్టేసి వెళ్ళిపో, మా నాయన కదూ!"

"చురుక్కుమంటుందా! నీకు మతి గాని పోయిందా అక్కా?"

"మెల్లగా. అందరూ వింటున్నారు."

అక్క తన జన్మలో అతణ్ణి ఏదైనా అడిగిందంటే ఇదే మొదలు. పచ్చచీటీ జేబులోనే ఉంది. వైరు కదపకపోతే ఎవరికీ అనుమానం రాదు, మీటరు కూడా కాదనదు. కానీ తెల్లారి లేచి ఆమె పట్టుకునేది దాన్నే కదా! అతను వైరుని వంచాడు. మీటరు కీచుమని అరిచింది. ఎర్రచీటీ తీసి, తేదీ వేసి, సంతకం చేసి వైరుకి కట్టాడు.

"ఇంత చేసి పెంచినందుకు మంచి పని చేశావు," అంది అక్క. ఆ మాట అని, అప్పటికే మడిచి ఉన్న దుప్పటిని విప్పి మళ్ళీ మడవడం మొదలుపెట్టింది.

పెట్టె లేని మనిషికి లాండ్రీలో పనేముంటుంది? అక్కని ఇంటికి పంపేశారు. అతను రోజూ ఫోను చేసేవాడు. ఆమె ఎత్తేది కాదు. వారం తిరిగాక ఎత్తి, మళ్ళీ పనికి వెళ్తున్నానని చెప్పింది. "ఏదో ఏర్పాటు చేశార్లే," అంది. అతను నమ్మాడు. పైగా తన చీటీ వల్లే కొత్త పెట్టె వచ్చిందని లోలోపల పొంగిపోయాడు, పిచ్చి మారాజు!

ఆ ఆదివారం మేనకోడలికి బిస్కెట్లు కొనుక్కుని అక్కావాళ్ళింటికి వెళ్ళాడు. ఉండేది ఒకటే గది. సగం బావ మంచానిది, సగం పొయ్యిది.

"వచ్చాడండీ ఎర్రచీటీ!" అన్నాడు బావ మంచం మీంచే. "నా నడుంకీ ఒకటి కట్టి పోరా, వాడరాదని."

అక్క నవ్వింది. పాలు పొంగుతుంటే గరిటె తిప్పుతూ, "వెనకాల చక్కెర డబ్బా ఉంది, అందుకోరా," అంది. కోపం పోయినట్టే ఉంది. అతను హాయిగా అలమరలో చెయ్యి పెట్టి డబ్బా తీశాడు. దాని మెడకి దారంతో ఒక అట్టముక్క వేలాడుతోంది. మేనకోడలి గుండ్రటి అక్షరాలతో 'చక్కెర' అని ఉంది. అట్ట అంచు ఎర్రగా ఉంది. తిప్పి చూశాడు. ప్రమాదం, వాడరాదు. కింద తన సంతకం.

"ఇదేంటక్కా?"

"మంచి అట్టరా, తడిసినా పాడవదు," అంది అక్క మామూలుగా. అంతలోనే నాలిక కరుచుకుంది.

"కత్తిరించేశావా? అదే పెట్టె పట్టుకుంటున్నావా?"

"మరి నీ చీటీని ఉడకేసుకుని తినమంటావా? అన్నీ నేర్పిన దాన్ని, నాకు చెప్పొచ్చావు!"

"నీకేమైనా అయితే?"

"వెళ్తే అవుతుందో లేదో తెలీదు. వెళ్ళకపోతే మాత్రం ఈ పొయ్యి వెలగదు, అది బాగా తెలుసు."

"అందరూ మా ఇంటికొచ్చేయండి."

"మీరే ఒకరి కాళ్ళ మీద ఒకరు పడుకుంటున్నారు. మమ్మల్నెక్కడ పెడతావు, అటక మీదా?"

బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. టీ చల్లారిపోయింది, ఎవరూ తాగలేదు.

మర్నాడు అతను తన పైఅధికారి దగ్గర మొరపెట్టుకున్నాడు. "మనం చీటీ కట్టాం, రిపోర్టు ఇచ్చాం. ఆ తర్వాత వాళ్ళిష్టం," అన్నాడాయన. అక్కడ పని కాక తిన్నగా లాండ్రీ యజమాని దగ్గరికి వెళ్ళాడు. ఆయన దుర్మార్గుడేమీ కాదు. కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు.

"ఆ యంత్రాలు నావి కావయ్యా, అద్దెవి," అన్నాడు. "సీలు వేసి ఇచ్చారు. వాళ్ళ మనుషులే విప్పాలి. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. ఇదిగో వస్తాం, అదిగో వస్తాం అంటారు."

"నేను బాగుచేస్తాను సార్. చిన్న పని. నాకేమీ ఇవ్వొద్దు."

"సీలు ఉందంటుంటే వినవేం? విప్పావంటే మొత్తం యంత్రం ఖరీదు నా నెత్తిన పడుతుంది." ఆయన ఏమీ ఎరగనట్టు కాస్త ముందుకి వంగాడు. "అవునూ, వాడొద్దని నేను అందరికీ చెప్పాను. నువ్వు కట్టిన చీటీ తీసిందెవరు? పేరు చెప్పు, ఈ పూటే పనిలోంచి తీసేస్తాను. రేపు ఏదన్నా జరిగితే తప్పు చీటీ తీసినవాళ్ళదే, నాది కాదు. నీ రిపోర్టే నాకు సాక్ష్యం."

అక్క పేరు చెబితే ఆమె ప్రాణం దక్కుతుంది, కూడు పోతుంది. "తెలీదు సార్," అన్నాడు. బయటికొచ్చి మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాడు. అక్కకి అడ్డం ఉంటుందని కట్టిన చీటీ ఆ యజమానికి అడ్డమైంది. ఇంతకంటే దౌర్భాగ్యం ఇంకేముంటుంది!

ప్రభుత్వ ఆఫీసుకి ఫిర్యాదు పెడతానని ఫోనులో బెదిరించాడు. "పెట్టు నాయనా," అంది అక్క. "వచ్చి తాళం వేస్తారు. అందరం రోడ్డున పడతాం. ఇంతమంది ఆడవాళ్ళ ఉసురు నీకు తగులుతుంది, సరేనా?" ఫిర్యాదు రాసుకున్నాడు కూడా. ఆ కాయితం జేబులోనే ఉండిపోయి, ఉతికేటప్పుడు చొక్కాతో పాటు నీళ్ళలో నానిపోయింది. మళ్ళీ రాయలేకపోయాడు.

చివరికి అతను చేసింది వింటే ఆ పనిలో ఉన్నవాళ్ళు ముఖాన ఉమ్మేస్తారు. కాళ్ళ కింద పరుచుకోవడానికి మందపాటి రబ్బరు పట్టా, రబ్బరు అడుగున్న చెప్పులు కొని అక్క చేతిలో పెట్టాడు. వైరు వంగకుండా గుడ్డపీలికతో పైనున్న కొక్కేనికి ఎలా కట్టుకోవాలో చూపించాడు. ఎడమ చెయ్యి బల్ల ఇనుముకి తగలనివ్వొద్దన్నాడు. అక్క బుద్ధిగా తలాడిస్తూ విని, "ఇదేగా నేను మొదట్లోనే మొత్తుకున్నది, కదపొద్దని," అంది.

అప్పట్నించి లాండ్రీ వదిలే వేళకి రోజూ ఫోను చేస్తాడు. "ఉన్నానురా," అంటుంది అక్క. అంతే, పెట్టేస్తుంది. ఒకరోజు ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు, మళ్ళీ ఆగిపోయింది. అతనున్నది ఎవరిదో ఆఫీసు. చేతిలో సగం పరీక్షించిన ఫ్యాను. దాన్ని అక్కడే వదిలేసి వీధిలోకి పరిగెత్తాడు. సందు మలుపులో ఉండగా ఫోను మోగింది.

"చేతులు తడిగా ఉన్నాయిరా. తడిచేత్తో ఎత్తితే నువ్వే తిడతావుగా!" అని అక్క పకపకా నవ్వింది.

అతను అరుగు మీద కూలబడ్డాడు. ఆ పూట ఇంకే వస్తువూ పరీక్షించలేదు.

ఆరు నెలలు తిరిగి లాండ్రీ వంతు మళ్ళీ వచ్చింది. వెళ్ళలేనని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఇంకొకరు వెళ్ళి, వైరు కదపకుండా చూసి, దానికి పచ్చచీటీ కట్టేస్తే? ఆ ఊహకే భయమేసి తనే వెళ్ళాడు.

అదే బల్ల, అదే పెట్టె. రబ్బరు పట్టా అక్క నిలబడే చోట అరిగి నేల కనిపిస్తోంది. కొక్కేనికి కట్టిన గుడ్డపీలిక విప్పి అతను వైరుని వంచాడు. మీటరు కీచుమంది. జేబులోంచి ఎర్రచీటీ తీశాడు.

"కడతావా?" అంది అక్క.

"కట్టాలక్కా."

"నువ్వు కట్టడం ఎందుకు, నేను కత్తిరించడం ఎందుకురా? ఇలా చేతికిచ్చెయ్. ఉప్పు డబ్బాకి లేదు."

పక్క బల్ల ఆవిడ కిసుక్కున నవ్వింది. అతనూ నవ్వబోయాడు, నవ్వు రాలేదు, కళ్ళలో నీళ్ళొచ్చాయి. తేదీ వేశాడు, సంతకం చేశాడు, రూలు ప్రకారం వైరుకే కట్టాడు. ముడి మీద ముడి వేశాడు. అక్క కత్తెర చేత్తో పట్టుకుని, తమ్ముడు పక్క బల్లకి వెళ్ళేదాకా మర్యాదగా ఆగింది.