తలకట్టు చూసి చెప్పిన పేరు

ఒక మడత చీటీ మీది రాత ఎవరిదో గుర్తుపట్టి, ఆ మనిషి పేరు పైకి చెప్పాను. ఆ రోజు నేను చేసిన తప్పు అదే. భయపడి చెప్పానని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. భయం నిజమే. కానీ అందరి రాతా నాకు తెలుసన్న గర్వం కూడా ఆ మాటలో ఉంది.

మొన్న మా అపార్టుమెంటు సంఘానికి అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి వాట్సాప్‌లో పోల్ పెట్టారు. వేలితో నొక్కగానే ఎవరు ఎవరికి వేశారో పేర్లతో సహా కనిపిస్తోంది. ఇలా వద్దండీ, చీటీలు పెడదాం అని నేను రాస్తే, పై అంతస్తు ఇంజనీరు "అంకుల్, మనమంతా ఫ్రెండ్సే కదా, సీక్రెట్ ఎందుకు?" అని నవ్వుతున్న బొమ్మ పెట్టాడు. ఒకప్పుడు ఫ్యాక్టరీలో మేమూ ఫ్రెండ్సమే. ఒకే క్యాంటీన్లో ఏళ్ళ తరబడి ఒకే నీళ్ళ సాంబారు తిన్నవాళ్ళం.

అప్పట్లో నేను బెంగళూరు పక్కన జిగణిలో ఇనుప విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో హాజరు, సెలవులు చూసే టైమాఫీసు గుమాస్తాను. ఆ ఉద్యోగం ఇప్పించింది మా బావ, అంటే మా అక్క భర్త. ప్రెస్ సెక్షన్లో పాతకాపు. చిన్నప్పుడు కుప్పం దగ్గర తెలుగు బడిలో చదువుకున్నాడు, కన్నడ రాయడం ఫ్యాక్టరీకి వచ్చాకే నేర్చాడు. అక్షరాలన్నీ బాగానే కుదిరాయి గానీ తలకట్టు మాత్రం తెలుగు బడిలో నేర్పినట్టే, పక్షి ముక్కులా పైకి లేపి కొట్టేవాడు. పెన్ను ఎంత గట్టిగా నొక్కేవాడంటే, సెలవు చీటీని వెనకనుంచి తడిమినా రాత వేలికి తగిలేది. అత్తగారికి ఒంట్లో బాగాలేదని నెలకోసారి సెలవు అడిగేవాడు. ఆ అత్తగారు మా అమ్మే. మా ఇంట్లో నిక్షేపంగా ఉండేది. నేను నోరెత్తకుండా ఆ చీటీని పైకి పంపేవాణ్ణి.

ఫ్యాక్టరీలో కార్మికుల సంఘం ఎన్నిక అంటే మధ్యాహ్నం భోజనాలయ్యాక క్యాంటీన్లో చేతులెత్తడం. అధ్యక్షుణ్ణి అందరం అన్న అనేవాళ్ళం. అతని మనుషులు నాలుగు మూలలా నిలబడి, ఎవరి చెయ్యి లేవలేదో చూసేవాళ్ళు. ఒక ఏడు లేత్ పనివాడొకడు చేతులు జేబులోంచి తీయలేదు. ఆ సాయంత్రం చందాపుర బస్టాపులో, అందరూ చూస్తుండగా, అతని ముందుపళ్ళు రాలగొట్టారు. మరుసటి ఏడు అందరికంటే ముందు లేచింది అతని చెయ్యే.

ప్యాకింగ్ సెక్షన్లో ఒకావిడ ఉండేది. అందరికీ పిన్నమ్మ. చేతులెత్తడం వద్దు, చీటీలు కావాలని ఆమె సంతకాలు మొదలుపెట్టింది. గేటు బయట ఆమె స్కూటర్ తగలబెట్టారు. మర్నాడు బస్సులో వచ్చింది, సంతకాల కాగితం జాకెట్టులో దాచుకుని. మా బావ రెండో సంతకం పెట్టాడు. "చెయ్యెత్తకుంటే చెయ్యిరుస్తారు. మడిచి డబ్బాలో ఏస్తే ఎవుర్ని కొడతారప్పా?" అన్నాడు నాతో. చివరికి అన్న కూడా ఒప్పుకోక తప్పలేదు, ఎలాగూ తానే గెలుస్తాననే ధీమాతో. పోటీ ఇద్దరికే, అన్నకూ పిన్నమ్మకూ. చీటీలు అచ్చు వేయించడం దండగ, పాత హాజరు కార్డుల వెనక నచ్చినవాళ్ళ పేరు రాసి మడిచి వేస్తే చాలని సలహా ఇచ్చింది నేనే. టైమాఫీసులో లెక్కపెట్టడానికీ నన్నే కూర్చోబెట్టారు. ఏళ్ళుగా వాళ్ళందరి సెలవు చీటీలు చూసినవాడే ఓట్లు విప్పుతాడన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు.

పిన్నమ్మ ఒక్క ఓటు తేడాతో గెలిచింది.

క్యాంటీన్లో ఈలలు ఇంకా ఆగకముందే అన్నా, అతని ముగ్గురు మనుషులూ టైమాఫీసులోకి వచ్చి తలుపు చేరవేశారు. డబ్బా లాక్కుని చీటీలన్నీ బల్ల మీద గుమ్మరించారు.

"ఏమప్పా టైమాఫీసూ, ఒక్క ఓటంట. ఎవురిదప్పా అది?"

"చీటీలో వేసినోళ్ళ పేరుండదు కదన్నా."

"పేరు లేకుంటే ఏమి, రాతుండాది కదా. నీకు అందురి రాతా తెలుసంట, క్యాంటీన్లో బడాయి పోతావంటనే! చెప్పు. లేదంటే నువ్వే చీటీలు మార్చినావనుకుంటా."

ఒకడు నా కుడిచేతి వేళ్ళు పట్టి తలుపు సందులో పెట్టాడు. ఇంకొకడు తలుపు మీద చెయ్యి వేసి, "మూసేదా అన్నా?" అని అడిగాడు, కిటికీ మూయమంటారా అన్నంత మామూలుగా. బల్ల మీద నా చీటీ కూడా ఉంది. నేనూ పిన్నమ్మకే వేశాను. అన్న చూపు దాని మీద పడకూడదని ఎడమచేత్తో ఇంకో చీటీ లాగి ముందుకు తోశాను. తలకట్టు పక్షి ముక్కులా లేచి ఉంది.

"ఇది మా బావ రాత."

బావ వాళ్ళకు పాత స్నేహితుడు, నాలుగు తిట్లతో వదిలేస్తారనుకున్నాను. నిజంగా అనుకున్నానా, ఆ తర్వాత కల్పించుకున్నానా, ఇప్పటికీ తేల్చుకోలేను.

పట్టపగలు, బైకులు నిలిపే రేకుల షెడ్డు కింద బావను పట్టుకున్నారు. ఇద్దరు మోకాళ్ళ మీద కూలదోసి, కుడిచెయ్యి సిమెంటు దిమ్మ మీద చాపించారు. "ఈ చేత్తోనే కదరా రాసినావు?" అన్నాడు అన్న. ఇనుప కడ్డీ మొదటిసారి దిగినప్పుడు బావ అరిచాడు. రెండోసారి మా అక్క పేరు పిలిచాడు. మూడోసారి షిఫ్టు సైరన్ మోగింది, ఏమన్నాడో వినపడలేదు. నేను టైమాఫీసు కిటికీ దగ్గరే ఉన్నాను. తలుపుకు గడియ కూడా లేదు. వెళ్ళలేదు.

చేతిలో ఎముకలు పిండిపిండి అయ్యాయి, రెండు వేళ్ళు తీసేశారు. బావ పోలీసులకు చెయ్యి మిషన్లో పడిందని చెప్పాడు. నేను రోజూ పెరుగు, బత్తాయిలు పట్టుకుని వెళ్ళేవాణ్ణి. మా అక్క అన్నం కలిపి అతని నోట్లో పెడుతూ, మా తమ్ముడు బంగారమని చూడవచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. ఆ మాట విన్న ప్రతిసారీ తల వంచుకుని ఇంకో బత్తాయి ఒలిచేవాణ్ణి.

కట్టు విప్పిన రోజు చెప్పేశాను. "బావా, నీ పేరు చెప్పింది నేనే."

అక్క చేతిలో ముద్ద ఆగిపోయింది. తర్వాత కంచం వచ్చి నా చెవికి తగిలింది. "పో రా! నా ఇంట్లో తిని, నా మొగుణ్ణి వాళ్ళకి పట్టిస్తివా? ఇంగ నా గడప తొక్కద్దు!"

"సుమ్నే ఉండవే," అని అక్కను ఊరుకోబెట్టాడు బావ. నా వైపు తిరిగాడు. నా చెవినుంచి రక్తం మెడ మీదికి కారుతోంది. అంతా చెప్పేస్తే గానీ బరువు దిగదనిపించి, "నేను కూడా బావా, ఆ రోజు..." అని మొదలుపెట్టాను.

ఎడమచెయ్యి ఎత్తి ఆపాడు. "అది చెప్పద్దు. ఎవురికేసినావో అది నీది. నాది బయటపడింది చాలు. చేతనైతే వాళ్ళు నన్నేం చేసినారో అది చెప్పు, పోయి."

చెవికి గుడ్డ అదుముకుని తిన్నగా పోలీసు స్టేషనుకు వెళ్ళాను. నలుగురి పేర్లూ, వాళ్ళకు నేనేం చెప్పానో, కిటికీ దగ్గర ఎలా నిలబడ్డానో, నా చేత్తోనే రాసి సంతకం పెట్టాను. వారం తిరక్కుండా నన్నూ గేటు ముందు పడేసి తన్నారు, రెండు పక్కటెముకలు విరిగాయి. దానితో చెల్లుకు చెల్లయిందని అనుకోలేదు. తర్వాతి ఎన్నికకు బొమ్మల చీటీలు అచ్చు వేయించాను, అందరికీ ఒకటే రబ్బరు ముద్ర. లెక్కపెట్టడానికి రమ్మంటే రానన్నాను. ఆ ముద్రల్లో ఏది ఎవరిదో దేవుడికి కూడా తెలియదు. పిన్నమ్మ ఈసారి చాలా ఓట్ల తేడాతో గెలిచింది. చేతులెత్తిన ఏళ్ళలో ఎవరూ నోరు తెరిచి అడగని ఆడవాళ్ళ మరుగుదొడ్డి అప్పటికే కట్టించింది.

కేసు ఏడేళ్ళు నడిచింది. ఒక్క వాయిదా తప్పకుండా వెళ్ళాను. రెండేళ్ళ తర్వాత బావ కూడా వచ్చి నా పక్క బల్ల మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. అక్క మాత్రం రాలేదు. బావ పేరు చెప్పడానికి నాకు ఒక్క నిమిషం పట్టలేదు. చెప్పింది నేనేనని కోర్టులో చెప్పడం ముగిసేసరికి మా ఇద్దరి జుట్టూ నెరిసింది.