వెలిసిపోయిన రాత్రి

బొమ్మల ప్రదర్శనశాలలో దీపాలు బిగించే ఆయన్ని అందరూ లైట్ల మావయ్య అనేవారు. ఆయన దీపం తిప్పితే పటంలోని కోడిపుంజు తెల్లారిందనుకుని కూస్తుందని గేటు కాపలావాళ్లు ఒట్టేసి చెప్పేవారు. మావయ్య కాదనేవాడు కాదు.

అక్కడ ఒక రాత్రి బొమ్మ ఉండేది. కొండలంటే మూడు వంపులు, చెరువంటే నల్లటి నీలంలో ఒక అడ్డపట్టీ, అవతలి గట్టున గోరంత పసుపు కిటికీ. అంతే. ఆకు కదలదు, నీరు కదలదు. మావయ్యకు అదంటే ప్రాణం. చూడవచ్చినవాళ్లు మాత్రం "ఏముంది, కరెంటు పోయిన ఊరు" అని నవ్వుకుంటూ దాటిపోయేవారు. ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. ఎవరికీ చెప్పకుండా పెద్ద దీపం ఒకటి దాని మీదికి తిప్పాడు. అప్పటినుంచి జనం ఆగి చూడసాగారు. అలాగే ఏళ్లు గడిచాయి.

మొన్న చట్రం వదులైందని పటాన్ని దించారు. చట్రాలు కట్టేవాడు మావయ్య బావమరిదే. పాత కర్ర ఊడదీసి మావయ్యను కేకేశాడు. కర్ర కింద దాగిన అంచు పొడుగునా చిక్కటి రాత్రి. దాని పక్కన బొమ్మంతా ఉతికి ఉతికి వెలిసిన చొక్కాలా ఉంది.

"బావా, ఇది నీ దీపం పనే."

"కనిపిస్తోందిలేరా."

"ఊరుకుంటే సరి. కొత్త చట్రం బిగించేస్తా, అంచు కనపడదు. అక్కకి కూడా చెప్పకు, దాని నోట్లో నువ్వుగింజ నానదు."

"మరి దీపమో?"

"అలాగే ఉంచు. ఇప్పుడు తగ్గిస్తే ఎందుకు తగ్గించావంటారు."

నోరు మూసుకుంటే ఉద్యోగం నిలుస్తుంది. మిగిలిన కాస్త నీలం కూడా పోతుంది. మావయ్య చట్రం లేని పటాన్ని గుండెకు ఆనించుకుని, ప్రదర్శనశాల నడిపే పెద్ద మేడం గదికి నడిచాడు. దీపం సంగతి దాచకుండా చెప్పాడు.

ఆవిడ ఆ అంచునీ బొమ్మనీ మార్చి మార్చి చూశారు. తిట్టినా బాగుండేది.

"చీకటి గదిలో పెట్టించండి. ఇక గోడ ఎక్కదు."

"ఎన్నాళ్లండీ?"

"పోయిన రంగు రాదు కదా, మావయ్యగారూ. ఉన్నదన్నా ఉండనివ్వండి."

ఆ సాయంత్రం భార్య గుమ్మంలోనే అడిగింది. "తమ్ముడు అంతా చెప్పాడు. ఉద్యోగం ఉంచారా?"

"ఉంచారు."

"మరి ఆ మొహమేంటి?"

"ఆ గోడకి రేపు వేరే బొమ్మ వస్తోంది. దీపం నన్నే పెట్టమన్నారు."

ఆమె కంచం పెట్టింది. గుమ్మం పక్కనే చతికిలబడ్డ ఆయన చేతులు కడుక్కోవడానికి లేవలేదు.