కరెంటు కదిపిన కాలు

ఇన్నేళ్లుగా ఒక్క మాట నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. "నడుస్తావు" అన్న మాట అది. ఇవాళ మీతో చెప్పేస్తాను. నా పేరు మాత్రం అడక్కండి.

అప్పుడు కలకత్తాలో ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపీలో పరిశోధన చేస్తున్నాను. వెన్ను దెబ్బతిన్నవాళ్ల నడుం మీద, కాళ్ల మీద ప్యాడ్లు అంటించి, చర్మం మీదుగా కరెంటు పంపితే బిగుసుకుపోయిన కాళ్లు సడలుతాయా, వెన్నుపాము ఎలా జవాబిస్తుంది అన్నది చూడటం నా పని. అప్పన్న అలా వచ్చాడు. శ్రీకాకుళం మనిషి. గార్డెన్ రీచ్ రేవులో పక్కా నౌకరీ. మూట మీదపడి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. వార్డులో తెలుగు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. డాక్టర్లు బెంగాలీలో ఏం చెప్పినా నా మొహంకేసి చూసేవాడు.

ఒకరోజు కరెంటు పెంచగానే కుడికాలు ఎగిరిపడింది.

"ఒలమ్మా! కాలు కదిలింది కదేటి డాక్టరమ్మా? నాను నడుస్తానేటి?"

అది అతను కదిపింది కాదు. కరెంటుకి వెన్నుపాము తనంతట తాను ఇచ్చిన జవాబు. మెదడు నుంచి ఏ కబురూ రాలేదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే, "నడుస్తావన్నా, ఇంటికెళ్లాక కూడా మానకుండా రావాలి మరి" అన్నాను.

ఎందుకన్నాను? జాలితోనా? చాలాకాలం అలాగే సర్దిచెప్పుకున్నాను. ఛీ, జాలి కాదు. అతను మానేస్తే నా కొలతలు సగంలో ఆగిపోతాయి, మళ్లీ అలాంటి రోగి దొరికేదాకా నా థీసిస్ మూలన పడుతుంది. అదీ నా బెంగ.

రేవులో ఒక పద్ధతి ఉండేది. ఇక పనికిరానని మనిషి ఒప్పుకుంటే ఆ నౌకరీ ఇంట్లో ఒకరికి ఇచ్చేవారు. గడువులోగా ఆ ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వెయ్యాలి. యూనియన్ నాయకులు ఇంటికొచ్చి బతిమాలారట, భార్య పోలమ్మ కాళ్లు పట్టుకుందట. "డాక్టరమ్మ సెప్పింది, నాను నడుస్తాను, నా నౌకరీ నాకే గావాల" అని అందర్నీ తరిమేశాడట. పోలమ్మే వచ్చి నాతో చెప్పుకుని ఏడ్చింది. అప్పటికింకా గడువుంది. అప్పుడైనా నోరు విప్పానా? లేదు. చూద్దాంలే అన్నాను. గడువు దాటిపోయింది.

నా డిగ్రీ నాకొచ్చింది. అప్పన్న ఒళ్లంతా పుండ్లు పడి, మంచం మీదే పోయాడు.

చాలా కాలానికి రేవు పక్కనే ఉన్న మెటియాబ్రుజ్ పేటలో పోలమ్మ కనిపించింది. ఒక దర్జీ కొట్టు అరుగు మీద చొక్కాలకు బొత్తాలు కుడుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది. "మావోడు సచ్చీదాకా నీ పేరే తలిసినాడమ్మా. దైర్నం సెప్పింది నువ్వొక్కదానివే" అంటూ నా చేతులు కళ్లకద్దుకుంది. తిట్టినా బాగుండేది. దొరికిన బస్సెక్కి వచ్చేశాను.

మీరు నన్ను క్షమించొద్దు. ఆ హక్కు ఉన్నవాడు లేడు. అతని మంచం దగ్గర అనాల్సిన మాట ఇక్కడైనా అంటే గొంతు కాస్త తెరిపిన పడుతుందని రాస్తున్నాను, అంతే.

అన్నా, ఆ కాలు కదిపింది నువ్వు కాదు, కరెంటు. నువ్వింక నడవలేవు. వేలిముద్ర వెయ్యి. నౌకరీ పోలమ్మకి రానీ.